బోర్డు అయ్యేదాకా

8 ఆగస్టు 2011, సోమవారం

ఏ వేళకు పడుకున్నానో, ఏ వేళకు లేచానో రోజూ రాసి పెట్టుకోమని డాక్టరమ్మ చెప్పింది. కంపెనీ దవాఖానకు కొత్తగా వచ్చిన పిల్ల. నాకంటే ఆమె కళ్ల కిందే నలుపు ఎక్కువ ఉంది. ఆమెను ఎవరు రాసుకోమన్నారో.

యూనియన్ వాళ్లు పంచిన డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంటే అందులో మొదలుపెట్టాను. ఆమెకు చూపించాల్సింది వేరే కాగితం మీద రాసిస్తాను. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకున్నాను. ఐదింటికి లేచాను. మధ్యలో మెలకువ వచ్చిన గుర్తు లేదు. అయినా రాత్రంతా బొగ్గు తట్టలు మోసినట్టు లేచాను. ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉంది అని అడిగింది. మూడేళ్లు అన్నాను. నిజానికి నాకు తెలియదు. మూడు అంటే నమ్మకంగా ఉంటుందని అన్నాను.

పోయిన నెల సంగతి ఆమెకు చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

సెకండ్ షిఫ్టు. బొగ్గు బాయి పైన ఇంజను గదిలో, తాడు లాగే హాలర్ మెషిన్ లివర్ మీద నా చెయ్యి ఉంది. కింది నుంచి బొగ్గు టబ్బులు తాడు పట్టుకుని ఏటవాలు దారిలో పైకి వస్తున్నాయి. ఆపమని కింది నుంచి గంట కొట్టారు. ఆ గంట నాకు వినబడింది. ఎవరి ఇంట్లోనో మోగుతున్నట్టు వినబడింది. కళ్లు తెరిచేసరికి తాడు బిగుసుకుపోయి ఇంజను మూలుగుతున్నది. టబ్బులు పట్టాలు దిగి పక్కకు ఒరిగాయి. వాటికి కొక్కెం తగిలించే బుచ్చన్న, గోడలో తొలిచిన మ్యాన్‌హోల్‌లోకి దూకి బతికాడు. అండర్ మేనేజర్ వచ్చి అడిగితే, పట్టా లూజుగ ఉండె సార్ అని బుచ్చన్నే చెప్పాడు.

షిఫ్టు దిగాక నా దగ్గరికి వచ్చాడు. "బావా, ఇయ్యాల నీకు నిద్ర మంచిగ పట్టింది. జరంత అయితె నాకు గుడ పడుతుండె, లేవని నిద్ర" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. భయం వేయాలి కదా, వేయలేదు. ఆకలి కూడా వేయలేదు. ఇంటికి పోయి పడుకున్నాను.

9 ఆగస్టు

పడుకున్నాను. లేచాను. తేడా తెలియలేదు.

13 ఆగస్టు, శనివారం

రక్తంలో అన్నీ బాగానే ఉన్నాయట. షుగర్ లేదు, థైరాయిడ్ లేదు. ఏదో ఒకటి ఉంటే బాగుండేది, గోలీ వేసుకునేవాడిని.

డాక్టరమ్మ నన్ను వదిలి నా భార్య పూలమ్మను అడిగింది, ఈయన గురక పెడతాడా అని. పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గురక పెడితె నాకు బేఫికర్ అమ్మా. ఆపితేనె ఫికరు."

"ఆపితే అంటే?"

"ఊపిరి ఆపుతడు. నేను పక్కల గుద్దుత. అప్పుడు బుస్సుమని మల్ల పీలుస్తడు. మా పోరడు వేణుగాడు పది సదివేటప్పటి సంది గిట్లనే."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. నేను పూలమ్మ వైపు చూశాను. పక్కటెముకల నొప్పి హాలర్ కుర్చీ వల్ల అని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. ఆ నొప్పికి నూనె రాసింది కూడా ఈమెనే.

హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రికి రాసిచ్చింది. ఒక రాత్రి అక్కడ పడుకోవాలి. వైర్లు పెట్టి చూస్తారు. దాన్ని నిద్ర పరీక్ష అంటారట. ఇంటికొచ్చి చెబితే వేణు అన్నాడు, "ఏం సదువుకొని పోతవ్ బాపూ ఆ పరీక్షకు? నువ్వు ఫస్టు క్లాసు గ్యారంటీ."

వేణు ఐటీఐలో ఫిట్టర్ చేశాడు, అప్రెంటిస్ కూడా అయింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. ఈ ఇంట్లో మాట్లాడేది వాడొక్కడే. టీవీ వార్తలకు కూడా జవాబిస్తాడు. నేను తింటున్నంతసేపూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. నేను ఊ కొడతాను. వింటున్నానా లేదా అని వాడు చూడడు. మంచి పిల్లవాడు.

19 ఆగస్టు, శుక్రవారం. రైల్లో

తిరుగు బండిలో రాస్తున్నాను. పూలమ్మ ఎదురుగా కూర్చుని నిద్రపోతున్నది. నేను మెలకువగా ఉన్నాను. ఇది కూడా రాసి పెట్టాలి.

రాత్రి వైర్లు పెట్టిన పిల్లవాడి పేరు ఖైజర్. మంచిర్యాల వాడట. ఖని నుంచి వచ్చానంటే ముఖం వెలిగింది. నెత్తికి, గడ్డానికి, ఛాతీకి, కాళ్లకు జిగురు రాసి వైర్లు అంటించాడు. హాలర్ గదిలో కూడా అన్ని వైర్లు లేవు.

"పండుకోని సూపియ్యాలె అన్నా. గంతే నీ డ్యూటీ."

"పట్టకపోతే?"

"నీ మొకం సూస్తె పట్టకపోవుడు ఉండదు తియ్."

నిద్రపోతే మెచ్చుకునే డ్యూటీ ఇన్నాళ్లకు దొరికింది. వెంటనే పట్టింది. నడిరాత్రి లేపి ముక్కుకు ఒక మాస్కు బిగించాడు. అందులోంచి గాలి తోసుకు వస్తున్నది. సగం రాత్రికే పెద్ద డాక్టరు ఈ మాస్కు పెట్టమన్నాడట. "నువ్వు ఊపిరి ఆపుడు ఆ టీవీల సూస్తుంటె నాకు ఆయాసమొచ్చింది అన్నా" అన్నాడు ఖైజర్. నాకేమీ అర్థం కాలేదు. మళ్లీ పడుకున్నాను.

పొద్దున లేచాను. లేవడం అంటే ఏమిటో మరచిపోయి ఉన్నాను. కిటికీ తెల్లగా ఉంది. నా చేతులు నా చేతుల్లా ఉన్నాయి. ఖైజర్ చొక్కాకు ఒక గుండీ లేదు, రాత్రంతా ఎదురుగా ఉన్నా అది కనబడలేదు. కింద టీ కొట్టు దగ్గర తాగిన చాయలో అల్లం వేశారని తెలిసింది. ఇంట్లో పూలమ్మ కూడా అల్లం వేస్తుందట, అడిగితే చెప్పింది.

సగం చాయ తాగాక బుచ్చన్న గుర్తొచ్చాడు. టబ్బుల పక్కన నిలబడ్డ బుచ్చన్న. ఎత్తు తక్కువ మనిషి, ముగ్గురు ఆడపిల్లలు. మోకాళ్లు వణికాయి. గ్లాసు కింద పెట్టి టీ కొట్టు బల్ల పట్టుకున్నాను. ఆ రోజు వేయాల్సిన భయం అప్పుడు వేసింది. ఏమాయె అని పూలమ్మ అడిగితే, చాయ వేడిగా ఉందన్నాను.

నిద్రలో నా గొంతు మూసుకుపోతున్నదట. ఊపిరి ఆగుతున్నది, ఆగినప్పుడల్లా మెదడు లేస్తున్నది, అది లేచిన సంగతి నాకు తెలియడం లేదు. ఇట్లాగే ఉంటే గుండె మీద పడుతుందని పెద్ద డాక్టరు చెప్పాడు. "మాస్కు పెట్టుకుని పడుకున్నన్నాళ్లూ నువ్వు అందరిలాంటి మనిషివే. పెట్టుకోకుండా మాత్రం బండ్లు, మెషిన్లు నడపొద్దు." కొన్ని నెలలు వాడి చూడమని మెషిన్ ఇచ్చి పంపారు. ఇస్త్రీ పెట్టె అంత ఉంది. ఒళ్లో పెట్టుకున్నాను. పైన పెడితే ఎవరైనా పడేస్తారని.

20 ఆగస్టు

నిద్రపోయాను. పొద్దున వేణు ఏదో అంటే గట్టిగా నవ్వాను. వాడు ఉలిక్కిపడ్డాడు.

21 ఆగస్టు, ఆదివారం

మా కాలనీలో ఎవరికైనా పెద్ద జబ్బు వస్తే ముందు అయ్యో అంటారు. తర్వాత కొడుకు వయసు అడుగుతారు. తప్పేమీ లేదు. తండ్రిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే కొడుక్కు నౌకరి వస్తుంది. నౌకరీలు రావడానికి ఇంకో దారి ఎక్కడుంది.

మధ్యాహ్నం గట్టయ్య వచ్చాడు. మా బాయి మీద యూనియన్ లీడరు. కూర్చోకముందే నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. పెళ్లి కుదిరినవాడి చెయ్యి ఊపినట్టు.

"అదృష్టమంటె నీదే రాజమన్నా. గుండె మీద పడుతదని పెద్ద డాక్టరు అన్నడా లేదా?"

"అన్నడు."

"ఇగ గంతే. అక్టోబర్ల బోర్డుకు పెడుదం. నువ్వు అన్‌ఫిట్, వేణుగాడు ఆన్ డ్యూటీ."

"మాస్కు పెట్టుకుంటె మామూలు మనిషినే అన్నడు."

"మరి ఎందుకు పెట్టుకుంటున్నవ్?"

పూలమ్మ చాయ గ్లాసులు అట్లాగే పట్టుకుని నిలబడింది. గట్టయ్య గొంతు తగ్గించాడు.

"మంచిగైనోన్ని బోర్డు ఏం జేస్కుంటది అన్నా? నువ్వు ఆల్ల ముందట నిలవడితె తూలుకుంట ఉండాలె. గప్పటిదాక ఆ పెట్టె ముట్టకు. హాలర్ మీదికెల్లి దింపుమని గుడ అడుగకు. అడిగితె ఎందుకని అడుగుతరు, మెషిన్ ముచ్చట బయటవడ్తది. రెండు నెలలు గుంజుకో."

అతను పోయాక చూస్తే వేణు గడప మీద కూర్చుని ఉన్నాడు. వాడు నన్నెప్పుడూ ఏదీ అడగలేదు, సైకిలు కూడా అడగలేదు. ఇవాళ నేల చూస్తూ అన్నాడు, "రెండు నెలలే గద బాపూ."

అవునన్నాను. పూలమ్మ మెషిన్ పెట్టెను పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టింది.

27 ఆగస్టు

ఆ మెషిన్ వాడితే ముక్కు ఎండిపోతుందని చాలామంది అంటారట. కొన్నాళ్లు ఆపడమే మంచిది.

2 సెప్టెంబర్

సిక్కు లీవు అయిపోయింది. హాలర్ ఎక్కాను.

బుచ్చన్నకు చెప్పాను. అతనికి చెప్పకుండా ఎట్లా. షిఫ్టు మొదలుకాకముందు ల్యాంపు రూము వెనక నిలబడి విన్నాడు. విని బీడీ ఆర్పాడు. బాయి లోపలికి బీడీ తీసుకుపోకూడదు కాబట్టి ఎట్లాగూ ఆర్పేవాడే.

"అక్టోబర్ దాక నేను సూస్కుంట బావా. టబ్బులు కదిలే ముందు కిందికెల్లి ఫోన్ కొడుత. నువ్వు ఎత్తాలె, నేను తిట్టాలె, నువ్వు మల్ల నన్ను తిట్టాలె. తిట్టలేదంటె నిద్రల ఉన్నవనుకుంట, గంట కొట్ట."

ఇవాళ అట్లాగే నడిచింది. ప్రతి ట్రిప్పుకూ ఫోను మోగింది. బుచ్చన్నకు ఇన్ని తిట్లు వచ్చని తెలియదు. మా తాతల దాకా పోయాడు. నేను తిరిగి తిట్టడానికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇట్లా రెండు నెలలు గడిచిపోతాయి.

7 సెప్టెంబర్

పూలమ్మ గుద్దుతున్నది. ఇప్పుడు నాకు తెలుస్తున్నది.

13 సెప్టెంబర్, మంగళవారం

ఇవాళ్టి నుంచి సమ్మె. తెలంగాణ ఇచ్చేదాకా బాయిలో దిగేది లేదన్నారు. ఒక్క టబ్బు కదలలేదు. హాలర్ గదికి తాళం. చౌరస్తాలో టెంటు వేశారు. నేనూ పోయి కూర్చున్నాను. డప్పులు కొడుతున్నారు, అందరూ పాడుతున్నారు. నేను స్తంభానికి ఆనుకుని నిద్రపోయాను. లేపకుండ్రి, ఉద్యమంల అలిసిపోయిండు అన్నారట. వేణు వచ్చి చెప్పి నవ్వాడు.

సమ్మె ఉన్నన్నాళ్లూ నా చేతిలో ఎవరికీ ఏమీ కాదు. జై తెలంగాణ.

26 సెప్టెంబర్

హాలర్ లేదు, షిఫ్టు లేదు, రాత్రీ పగలూ ఇంట్లోనే ఉన్నాను. కాలనీ మొత్తం కడుపునిండా నిద్రపోతున్నది. అందరి ముఖాలూ తేరుకున్నాయి. నా ముఖం అట్లాగే ఉందని పూలమ్మ అన్నది.

డ్యూటీ లేనప్పుడైనా మెషిన్ వాడదామంటే కరెంటు పోతున్నది. మేం బొగ్గు తీయడం లేదు కాబట్టి పోతున్నది. అటక మీది నుంచి ఎవరు దింపుతారు ఇప్పుడు.

6 అక్టోబర్, దసరా

పాలపిట్టను చూడటానికి అందరూ పోయారు. నేను పోలేదు. సమ్మె వల్ల బోర్డు వెనక్కి పోయింది, నవంబర్ పదిహేనున అని గట్టయ్య కబురు పంపాడు. వేణు జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. "ఇంకొక్క నెల బాపూ" అన్నాడు. వాడి స్నేహితులు బయట నిలబడి ఉన్నారు. అప్పుడే వాణ్ని ఆపరేటర్ సాబ్ అని పిలుస్తున్నారు. వాడు సిగ్గుపడి నవ్వుతున్నాడు. సంతోషంగా ఉన్నాడు. నాకు సంతోషం వేయాలి. కొత్త చొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటున్నది.

18 అక్టోబర్

సమ్మె ఆపారు. డ్యూటీ. బుచ్చన్న ఫోనులో మొదటి తిట్టు తిట్టాక, "తిట్లు మర్సిపోయిన బావా, ఇంట్ల ఉండి చెడిపోయిన" అన్నాడు. నేను కూడా మరచిపోయాను. ఎట్లాగో నడిపాం.

24 అక్టోబర్

అన్నం పళ్లెం ముందు నిద్రపోయాను. చెయ్యి పప్పులో ఉంది. వేణు నా చెయ్యి కడిగి పడుకోబెట్టాడట.

31 అక్టోబర్

బుచ్చన్న బిడ్డ కాన్పుకు గోలేటి పోయాడు. పది పదిహేను రోజులు రాడు. అతని జాగాలో అబ్దుల్ రజాక్‌ను వేశారు. యాభై దాటినవాడు. నమాజు, డ్యూటీ, ఇల్లు తప్ప వేరే లోకం లేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఫోన్ చేసి తిట్టమని అతనికి ఎట్లా చెప్పాలి. చెబితే ఎందుకో చెప్పాలి. బోర్డు ఇంకెంతో దూరం లేదు. నేనే జాగ్రత్తగా ఉంటాను. లివర్ దగ్గర నిలబడే నడుపుతాను, కూర్చోను.

3 నవంబర్, గురువారం

నిలబడి కూడా నిద్రపోవచ్చు.

ఖాళీ టబ్బులు కిందికి వదులుతున్నాను. ఆపమని రజాక్ గంట కొట్టాడు. తాడు ఆగలేదు. టబ్బులు పోయి కింద నిలబెట్టి ఉన్న టబ్బులను గుద్దాయి. రజాక్ వాటి మధ్యలోంచి పక్కకు పడ్డాడు. బూటు చక్రం కింద చిక్కింది. కాలు బయటికి వచ్చింది, బూటు రాలేదు.

ఎవరి సాయమూ లేకుండా నడిచి పైకి వచ్చాడు, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. ఇంజను గదిలోకి వచ్చి నేల మీద కూర్చుని నీళ్లు అడిగాడు. ఇచ్చాను. సగం నీళ్లు చొక్కా మీద, నేల మీద పోసుకున్నాడు. తాగి గ్లాసు పక్కన పెట్టి నా ముఖం చూశాడు.

"రాజమన్నా, గంట నేను గట్టిగ కొట్టలేదా?"

తప్పు తనదేనేమో అని అడుగుతున్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గడ్డం అదురుతున్నది. నాకేమీ అనిపించలేదు. తడిసిన నేల తుడవాలి అనుకున్నాను.

ఇది సరిగ్గా రాసుకోవాలి. ఒక మనిషి నా చేతిలో చావబోయి, వచ్చి నన్నే క్షమాపణ అడిగినంత పని చేశాడు. నాకేమీ అనిపించలేదు. హైదరాబాద్‌లో టీ కొట్టు దగ్గర ఒక పొద్దున బుచ్చన్నను తలచుకుంటేనే మోకాళ్లు వణికిన మనిషి ఉన్నాడు. అతనూ నేనే. అతను ఇక్కడ ఉంటే ఇప్పుడు ఏం చేసేవాడో ఆలోచించాను. ఆలోచించడానికి చాలాసేపు పట్టింది. అతను చేసే పని చేశాను.

హాలర్ బందు పెట్టి అండర్ మేనేజర్ గదికి పోయాను. "రజాక్ గంట సరిగ్గనే కొట్టిండు సార్. నేను నిద్రపోయిన. నాకు నిద్రలో ఊపిరాగే జబ్బు ఉన్నది. దానికి మెషిన్ ఇచ్చిండ్రు, పెట్టుకుంటె బాగుంటది. నేను పెట్టుకుంటలేను."

ఆయన తల ఎత్తలేదు. తలుపు దగ్గరికి వేయమన్నాడు. వేశాను.

"నీది బోర్డు ఉన్నది గద రాజం, ఈ నెలనే. కొడుకు ఉన్నడు గద."

"ఉన్నడు సార్."

"ఇది రాసుకుంటె మల్ల ఎనుకకు తీసుకునుడు ఉండదు. నువ్వు ఏం చెప్పలేదనుకుంట. బయటికి పోయి ఆలోచించుకొని రా."

ఆలోచించడానికి నాలో ఏమీ మిగల్లేదని ఆయనకు తెలియదు. అక్కడే నిలబడి మొత్తం మళ్లీ చెప్పాను. రాసుకున్నాడు.

4 నవంబర్

హాలర్ నుంచి తీశారు. మాస్కు వాడి బాగుపడ్డానని దవాఖాన చెప్పేదాకా బాయి పైన ఊడ్చే పని. బోర్డు సంగతి ముగిసింది. మందు ఉన్న జబ్బు, మందు వాడని మనిషి, వాళ్లు ఏం చేస్తారు.

గట్టయ్య వాకిట్లో నిలబడే మాట్లాడాడు, లోపలికి రాలేదు. "నీ చేత్తోనె నీ కొడుకు నోట్ల మన్ను గొట్టినవ్ రాజం." నిన్నటిదాకా రాజమన్నా. పక్క క్వార్టర్ల వాళ్లు బయటికి వచ్చి విన్నారు. వినే విషయమే.

వేణు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, తెలియకనే అడుగుతున్నట్టు అడిగాడు.

"ఇంక పది పదకొండు రోజులు ఆగకపోతివా బాపూ?"

రజాక్ బూటు గురించి చెప్పాను. వాడు విన్నాడు. విని లేచి బయటికి పోయాడు. రాత్రి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు.

లైట్లు తీసేశాక పూలమ్మ స్టూలు వేసుకుని అటక మీది పెట్టె దింపింది. దుప్పటి విప్పి, కొంగుతో దుమ్ము తుడిచి, నా తల దగ్గర పెట్టి వైరు గుచ్చింది. నీకు కోపం లేదా అని అడిగాను.

"ఉన్నది" అన్నది. "కొడుకు నౌకరి పాయె, కోపం ఉండదా. పండుకో ఇగ. నీ ఊపిరి కాడ కావలి ఉండి ఇన్నేండ్ల సంది నేను గుడ నిద్రపోలే. ఇయ్యాల నేను గుడ పండుకుంట."

మాస్కు పట్టీలు ఆమెనే బిగించింది, కొంచెం ఎక్కువ గట్టిగానే.

5 నవంబర్

నిద్రపోయాను. వేణు మాట్లాడటం లేదు. సరే.

8 నవంబర్

నిద్రపోయాను. ఊడ్చే పనిలో ఎండ తగులుతున్నది. రజాక్ కనిపించాడు, కొత్త బూట్లు ఇచ్చారట. గంట గట్టిగానే కొట్టినవ్ భాయ్, నేనే నిద్రపోయిన అని చెప్పాను. "ఇంట్ల చెప్పలేదన్నా నేను" అని మాత్రం అని పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. అనిపించింది అని రాస్తున్నాను. ఇది కొత్త.

వేణు మాట్లాడటం లేదు.

9 నవంబర్

నిద్రపోయాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది. చెప్పాను. పూలమ్మ ఇన్నేళ్లకు చెప్పినవ్ అన్నది.

10 నవంబర్, గురువారం

పూర్తిగా నిద్రపోయాను. కల కూడా వచ్చింది. తెల్లవారకముందే మెలకువ వచ్చి, ఎవరూ లేపకుండా లేచి కూర్చున్నాను. ఒళ్లు తేలికగా ఉంది. బయట చలి మొదలైంది. వాకిట్లో మొహం కడుక్కుంటుంటే నీళ్లు చల్లగా తగిలాయి.

వేణు తయారై ఉన్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాడట. ఇవాళే మొదటి రోజు. నాకు పూలమ్మ చెప్పింది. ఫిట్టర్ పని కాదు, టిప్పర్ల దగ్గర నిలబడి జెండా ఊపాలి. ఆ దుమ్ములో, రోజంతా. మస్టరులో పేరు ఉండదు, క్వార్టరు ఉండదు, వద్దంటే మర్నాడు రావద్దు. నా ముఖానికి కట్టుకునే పాత తువ్వాలు మెడకు చుట్టుకున్నాడు. వాడు వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు, మెల్లగా, రెండేసి ముక్కలు. ఇంట్లో టీవీ నడుస్తున్నది, వాడు దానికి జవాబు ఇవ్వడం లేదు.

"వేణూ, టిఫిన్ పెట్టుకున్నవా?" అని అడిగాను.

వాడు చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తలేదు.

"పెట్టుకున్ననని చెప్పవ్వా" అన్నాడు, వాళ్లమ్మతో.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా చేతిలో ఇంకా తడి తువ్వాలు ఉంది. పూలమ్మ నా వైపు చూసింది, చెప్పాలా వద్దా అన్నట్టు. వాడు గేటు వేసుకుని పోయాడు.

పోయిన వారం అయితే నాకేమీ అయ్యేది కాదు. ఊడ్చే పనికి వేళవుతున్నదని చొక్కా వేసుకునేవాడిని. ఇవాళ ఛాతీ దగ్గర పట్టుకున్నట్టయింది. జబ్బు కాదని తెలుస్తూనే ఉంది. నా కొడుకు నాతో మాట్లాడటం లేదు. ఇదివరకు వాడు మాట్లాడినవన్నీ నేను విననేలేదు. రెండూ ఒక్కసారే తెలిశాయి. మంచం మీద కూర్చుని గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆపుదామంటే ఆగలేదు. ఎన్నాళ్లదో తెలియదు, వస్తూనే ఉంది.

పూలమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చింది. నా ముఖం చూసి, తల దగ్గరి మెషిన్ చూసి భయపడింది.

"ఏమాయె? మాస్కు పడ్తలేదా నీకు?"

పడుతున్నదని చెప్పాను.